నెదర్లాండ్స్ నాయకుడు విల్డర్స్ 2023లో గెలిచి కూడా ప్రధాని ఎందుకు కాలేదు? ఆయన పార్టీ పీవీవీలో ఆయనొక్కరే సభ్యుడన్నది నిజమేనా?

నిజమే. మీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా చాలావరకు అందులోనే ఉంది.

2022లో నూపుర్ శర్మకు మద్దతుగా ట్వీట్లు పెట్టినప్పుడు గీర్ట్ విల్డర్స్ పేరు మనవాళ్లలో బాగా పాకింది. నెదర్లాండ్స్‌లో మాత్రం ఆయన కొత్త మనిషి కాదు. 1963లో వెన్లోలో పుట్టి, 1998లో మితవాద ఉదారవాద పార్టీ వీవీడీ తరఫున పార్లమెంటు దిగువ సభకు వెళ్లారు. యూరోపియన్ యూనియన్‌లో టర్కీని చేర్చుకునే విషయంలో పార్టీతో తెగేదాకా లాగి, 2004 సెప్టెంబరులో బయటికొచ్చేశారు. సీటు మాత్రం వదల్లేదు. మన దగ్గరైతే ఫిరాయింపు నిరోధక చట్టం కింద అనర్హత వేటు పడేది. అక్కడ అలాంటి చట్టం లేదు. రాజ్యాంగం ప్రకారం సీటు ఎంపీదే, పార్టీది కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

విల్డర్స్‌లాగే ఇస్లాంను విమర్శించే దర్శకుడు థియో వాన్ గోగ్ హత్య ఆ నవంబరులోనే జరిగింది. అప్పటి నుంచి విల్డర్స్ ఇరవై నాలుగు గంటలూ పోలీసు రక్షణలోనే బతుకుతున్నారు. 2006లో పీవీవీ (ఫ్రీడమ్ పార్టీ) పెట్టారు.

ఇక సభ్యత్వం సంగతి. బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండాలంటే ఆ పార్టీ చట్టబద్ధమైన సంఘంగా నమోదై ఉండాలి. సంఘం పెట్టడానికి కనీసం ఇద్దరు కావాలి. ఒకరు విల్డర్స్. రెండోది మనిషి కాదు, ఆయనే నడిపే ఒక ఫౌండేషన్. అలా లెక్క సరిపోయింది. ఇంకెవర్నీ చేర్చుకోలేదు. కాబట్టి మహాసభ లేదు, అధ్యక్ష ఎన్నిక లేదు, అభ్యర్థుల జాబితా మీద చర్చ లేదు. ఎవరు ఏ నంబరులో ఉండాలో ఆయనే రాస్తారు. పీవీవీ ఎంపీలు కూడా పీవీవీ సభ్యులు కారు!

దీనికి మూల్యం ఉంది. ప్రభుత్వం పార్టీలకిచ్చే సబ్సిడీ రావాలంటే చందా కట్టే సభ్యులు కనీసం 1000 మంది ఉండాలి. అందుకే ఆ డబ్బు పీవీవీకి రాదు, విరాళాలే దిక్కు. (సభలో ఎంపీల బృందానికి పార్లమెంటు ఇచ్చే నిధులు వేరు, అవి వస్తాయి.) అయినా ఇలాగే ఉండటానికి కారణం 2002 నాటి అనుభవమని ఎక్కువమంది అంటారు, నాకూ అదే సబబనిపిస్తుంది. వలసలను వ్యతిరేకించిన నాయకుడు పిమ్ ఫోర్టౌన్ హత్య తర్వాత ఆయన పార్టీ 26 సీట్లు గెలిచి ప్రభుత్వంలో చేరింది. వాళ్లలో వాళ్లే కొట్టుకోవడంతో మూడు నెలలు తిరక్కుండానే ఆ ప్రభుత్వం కూలిపోయింది.

సభ్యత్వాన్ని మూసేసినంత మాత్రాన ఎంపీలు కట్టుబడి ఉండరు కదా. 2010లో పీవీవీకి 24 సీట్లొచ్చాయి. వీవీడీ 31, క్రైస్తవ ప్రజాస్వామ్య పార్టీ సీడీఏ 21 కలిసి మైనారిటీ ప్రభుత్వం ఏర్పాటు చేస్తే పీవీవీ బయటి నుంచి మద్దతిచ్చింది. మొత్తం 76, అంటే 150 మంది సభలో సరిగ్గా మెజారిటీ. 2012 మార్చిలో పీవీవీ ఎంపీ హీరో బ్రింక్‌మన్ పార్టీలో ప్రజాస్వామ్యం లేదంటూ బయటికెళ్లారు. విల్డర్స్ 2004లో చేసినట్టే ఆయనా సీటు తనతోనే ఉంచుకున్నారు. 76 కాస్తా 75 అయింది. ఏప్రిల్లో బడ్జెట్ కోతలపై చర్చల మధ్యలో విల్డర్స్ లేచి వెళ్లిపోయారు, ప్రభుత్వం పడిపోయింది. ఆ సెప్టెంబరు ఎన్నికల్లో పీవీవీ 15కి దిగింది. మిగతా పార్టీల దృష్టిలో అప్పటి నుంచి ఆయనపై పడిన ముద్ర ‘ఈయన్ని నమ్ముకుంటే మధ్యలో దించేస్తాడు’ అన్నదే.

2023 నవంబరులో పీవీవీకి 37 సీట్లు, దాదాపు 23.5 శాతం ఓట్లు. అన్ని పార్టీల కంటే ఎక్కువే, కానీ 76లో సగం కూడా కాదు. అక్కడ ‘అతిపెద్ద పార్టీ నాయకుడే ప్రధాని’ అన్నది ఆనవాయితీయే తప్ప నిబంధన కాదు. మిగతావాళ్లు ఒప్పుకోవాలి. ఖురాన్, మసీదులపై నిషేధం కోరే బిల్లును 2024 జనవరిలో ఆయన వెనక్కి తీసుకున్నారు. అయినా కూటమి చర్చల్లో ఉన్న కొత్త పార్టీ ఎన్‌ఎస్‌సీ, వీవీడీ ఆయన్ని ప్రధానిగా ఒప్పుకోలేదు. మొరాకన్ల గురించి 2014లో అన్న మాటలకు ఒక సమూహాన్ని అవమానించారని కోర్టు దోషిగా తేల్చిన విషయం (శిక్ష వేయలేదు, 2021లో సుప్రీంకోర్టూ ఆ తీర్పునే ఖాయం చేసింది) కూడా ఎవరూ మర్చిపోలేదు. చివరికి మార్చిలో ఆయనే పక్కకు తప్పుకున్నారు. కూటమి కట్టిన నాలుగు పార్టీల (పీవీవీ, వీవీడీ, ఎన్‌ఎస్‌సీ, రైతుల పార్టీ బీబీబీ) నాయకులూ కేబినెట్‌లోకి వెళ్లకుండా సభలోనే కూర్చున్నారు. ఏ పార్టీకీ నాయకుడు కాని మాజీ నిఘా అధిపతి డిక్ స్కోఫ్ ఆ జులైలో ప్రధాని అయ్యారు.

మన పత్రికలు దాదాపు పట్టించుకోని లెక్క ఇంకొకటుంది, ఎగువ సభ. దిగువ సభలో ఆ కూటమికి 88 సీట్లున్నా, 75 మంది ఉండే ఎగువ సభలో 30 మందే: బీబీబీ 16, వీవీడీ 10, పీవీవీ 4. ఎన్‌ఎస్‌సీకి ఒక్కరూ లేరు, ఎందుకంటే ఆ పార్టీ పుట్టిందే ఎగువ సభ ఎన్నికయ్యాక. శరణార్థుల విషయంలో ఎంత కఠినమైన చట్టం తెచ్చినా అక్కడ ప్రతిపక్షం చేతులు కొన్ని లేవాల్సిందే.

2025 మే నెలాఖరులో విల్డర్స్ శరణార్థులపై పది అంశాల ప్రణాళిక బల్లమీద పెట్టారు. భాగస్వాములు సంతకం చేయకపోయేసరికి జూన్ 3న మద్దతు తీసేశారు, ప్రభుత్వం పడిపోయింది. అక్టోబరు 29 ఎన్నికల్లో పీవీవీకి 26 సీట్లొచ్చాయి. మధ్యేవాద ఉదారవాద పార్టీ డీ66కూ అన్నే, ఓట్లు మాత్రం దానికే కాస్త ఎక్కువ. ఈసారి పెద్ద పార్టీలు ఫలితాలకు ముందే, విల్డర్స్‌తో కలిసి ప్రభుత్వంలో కూర్చోబోమని చెప్పేశాయి.