గ్లోబ్ థిసిల్ ఏపుగా పెరిగి పక్కకు వాలిపోతోంది, ఏం చేయాలి?

ఎరువు, నీళ్లు రెండూ తగ్గించండి. చాలావరకు సమస్య అక్కడే ఉంటుంది. నీలం బంతుల్లా పూసే ఈ మొక్క (ఎకినాప్స్) నిస్సారమైన, నీరు నిలవని నేలలోనే గట్టిగా నిలబడుతుంది. సారం ఎక్కువైతే కాడ మెత్తబడి వాలిపోతుంది. నీడలో ఉన్నా అంతే, కాబట్టి రోజుకు కనీసం 6 గంటల ఎండ తగలాలి. ఇప్పటికే వాలిన కాడలకు ఊతకర్ర కట్టండి.

నాటిన మొదటి ఏడాది మాత్రం మట్టి ఆరినప్పుడల్లా నీళ్లు పోయాలి. తల్లివేరు లోతుకు దిగాక వర్షాభావాన్ని బాగా తట్టుకుంటుంది. దాన్ని నిజంగా చంపేది చలికాలపు తడి. బంకమట్టి అయితే ఇసుక, సన్న కంకర బాగా కలిపి కాస్త ఎత్తుగా మడి కట్టండి. మొక్కకూ మొక్కకూ 45 నుంచి 60 సెంటీమీటర్ల దూరం చాలు. చోటు మాత్రం ముందే ఆలోచించి పెట్టండి, ఆ తల్లివేరు తెగితే పెద్ద మొక్క మళ్లీ కోలుకోవడం కష్టం. కొత్త మొక్కలు కావాలంటే మొక్క నిద్రాణంగా ఉన్నప్పుడు వేరు ముక్కలు తీసి నాటుకోవచ్చు.

పూబంతిని దగ్గరగా చూడండి: చిన్న చిన్న పూలు పైనుంచి కిందికి విచ్చుకుంటూ వస్తాయి, తేనెటీగలు వాటి మీద గుమిగూడతాయి. అందుకే పురుగుమందు కొట్టొద్దని గట్టిగా చెబుతాను. ఎండబెట్టి దాచుకోవాలంటే బంతికి నీలం రంగు వచ్చి, పూలు ఇంకా విచ్చుకోకముందే కోసి తలకిందులుగా వేలాడదీయండి. వాడిన బంతులను గింజ రాలకముందే తీసేయకపోతే తోటంతా మొలకలే. ఆకుల అంచున ముళ్లుంటాయి, గ్లవ్స్ వేసుకోండి.