తెల్లనుదుటి పెద్దబాతు: ముక్కు రంగును ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: డబ్లిన్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు, డిసెంబరులో ఐర్లండ్ ఆగ్నేయ తీరంలోని వెక్స్‌ఫర్డ్ స్లాబ్స్ అనే పల్లపు పొలాల్లో తెల్లనుదుటి పెద్దబాతుల గుంపును చూశాను. అన్నిటి ముక్కూ నారింజ రంగులో ఉంటే, ఒక్కదానిది గులాబి రంగులో కనిపించింది. అది వేరే ఉపజాతిదేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అయ్యే అవకాశం బాగా ఉంది. అక్కడ చలికాలం గడిపేవి ప్రధానంగా గ్రీన్‌లాండ్ ఉపజాతి పక్షులు. పశ్చిమ గ్రీన్‌లాండ్‌లో పిల్లలను పెంచి, ఐస్‌లాండ్‌లో కొన్నాళ్లు మేసి, ఐర్లండ్‌కూ పశ్చిమ స్కాట్లాండ్‌కూ చేరే ఈ పక్షులను ప్రత్యేక ఉపజాతిగా పక్షి పరిశోధకులు డాల్గెటీ, పీటర్ స్కాట్ 1948లో వర్ణించారు. వీటి ముక్కు నారింజ రంగులో ఉంటుంది. రష్యా ఉత్తరాన టండ్రాలో గుడ్లు పెట్టి, నెదర్లాండ్స్, జర్మనీ, దక్షిణ ఇంగ్లండ్ వైపు వచ్చే ఐరోపా ఉపజాతి ముక్కు గులాబి రంగు. వీటిలో ఒకటీ అరా గ్రీన్‌లాండ్ గుంపుల్లో కలుస్తుంటాయి.

అయితే ముక్కు రంగు ఒక్కదానితోనే తేల్చేయకండి. సాయంత్రపు ఏటవాలు ఎండలో గులాబి రంగు నారింజలా కనిపిస్తుంది. ఒకసారి నేను అలాగే పొరబడి, మర్నాడు పొద్దున మళ్లీ చూశాక రాసుకున్నది కొట్టేశాను. పైగా ఇవి తడినేలను తవ్వి వేళ్లు తింటాయి కనుక, తల ఎత్తిన క్షణంలో ముక్కంతా బురదే కనిపించవచ్చు. మీరు మాత్రం ఒకే వెలుతురులో, పక్కపక్కనే ఉన్న పక్షుల మధ్య తేడా గమనించారు కాబట్టి మీ పరిశీలనకు విలువ ఉంది.

ఇంకోసారి చూసినప్పుడు వీపును గమనించండి. గ్రీన్‌లాండ్ పక్షి వీపు ముదురు గోధుమ రంగులో, ఈకల అంచులు సన్నగా ఉండటం వల్ల, ఇంచుమించు ఒకే రంగుగా కనిపిస్తుంది. ఐరోపా పక్షి కాస్త లేతగా ఉంటుంది, ఈకల లేత అంచులు స్పష్టంగా తెలుస్తాయి. గ్రీన్‌లాండ్ పక్షి తోక చివరి తెల్లని అంచు కూడా సన్నం. పొట్టమీది నల్లపట్టెలు దానికి సాధారణంగా ఎక్కువే గాని, పక్షికీ పక్షికీ అవి ఎంతో మారుతుంటాయి కనుక నేను వాటికి పెద్దగా విలువివ్వను. కాళ్లు రెండిటికీ నారింజ రంగే.

ఆ ఏడాది పిల్లలకు మొదట్లో నుదుటన తెలుపూ, పొట్టమీద పట్టెలూ ఉండవు, ముక్కు రంగూ మసకగా ఉంటుంది. కుటుంబాలు చలికాలమంతా కలిసే మేస్తాయి కనుక, పిల్లపక్షి విషయంలో అనుమానం వస్తే అది ఏ పెద్దపక్షుల వెంట నడుస్తోందో ఓపికగా చూసి, ముందు వాటిని గుర్తించండి.