లడ్డూ పోయాడు, మామయ్యగారితో మాటలూ పోయాయి

ఉత్తరం: మేడమ్, మాది ఖమ్మం. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఐదేళ్ళుగా మా ఇంట్లో లడ్డూ అనే పగ్ జాతి కుక్క ఉండేవాడు. మా మామయ్యగారికి 72 ఏళ్ళు. అత్తయ్యగారు పోయి నాలుగేళ్ళయింది. అప్పటినుంచీ లడ్డూ ఆయన గదిలోనే పడుకునేవాడు. పోయిన మే నెలలో ఒకరోజు ఇంట్లో పురుగుల మందు కొట్టించాల్సి వచ్చింది. లడ్డూని వెంట తీసుకెళ్ళమని మామయ్యగారికి నేనే చెప్పాను. ఆయన బ్యాంకు దగ్గర వేపచెట్టు నీడలో కారు ఆపి, అద్దాలు రెండు వేళ్ళంత దించి, వాడిని లోపలే ఉంచి వెళ్ళారు. ఐదు నిమిషాల పని అనుకున్నారట. అక్కడ సిస్టమ్ పనిచేయక ముప్పావుగంట పట్టింది. వచ్చేసరికి వాడు చొల్లు కార్చుకుంటూ పడిపోయి ఉన్నాడు. ఇంటికి తెస్తే నేను తడి తువ్వాలు చుట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. సాయంత్రానికి పోయాడు. తువ్వాలు అలా చుట్టకూడదని తర్వాత ఎవరో అన్నారు.

అప్పటినుంచీ మామయ్యగారితో మాట్లాడలేకపోతున్నాను. వేళకి కంచంలో వడ్డించి టేబుల్ మీద పెట్టేసి వచ్చేస్తాను. ఆయన రోజూ పొద్దున్నే లడ్డూ గిన్నె కడిగి నీళ్ళు పోసి పెడుతున్నారు. ఆ నాటకం చూడలేకపోతున్నాను. నాలుగో తరగతి చదివే మా పాప కూడా ఆయన గదిలోకి వెళ్ళడం మానేసింది. మావారేమో 'కుక్క కోసం ఇంత రాద్ధాంతమా' అంటారు. మామయ్యగారిని హనుమకొండలో మా బావగారింటికి పంపేయమని అడగాలనుకుంటున్నాను. అలా అడగడం తప్పా? – ఒక కోడలు

జవాబు: అమ్మా, పంపకండి. మీరు అడిగినదానికి నా జవాబు ఇంతే. భార్యను పోగొట్టుకున్న డెబ్బై రెండేళ్ళ మనిషిని, ఒక తప్పు జరిగాక బట్టలు సర్దించి పెద్దకొడుకు ఇంటికి పంపితే ఆయనైనా, బంధువులైనా, మీ తోడికోడలైనా ఒకే రకంగా అర్థం చేసుకుంటారు, వెళ్ళగొట్టారని. ఆయన హనుమకొండ వెళ్ళిపోయినా ఖమ్మంలో మీ ఏడుపు తగ్గదు.

ముందు తువ్వాలు సంగతి తేల్చేస్తాను. రాత్రిళ్ళు మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అదే అయ్యుంటుందని నా అనుమానం. వడదెబ్బ తిన్న కుక్కకు తడిగుడ్డ చుట్టి అలాగే ఉంచితే లోపలి వేడి బయటికి పోవడం కష్టమవుతుంది, నిజమే. ఒంటిమీద చల్లటి నీళ్ళు ధారగా పోస్తూ ఫ్యాను కిందో గాలి తగిలేచోటో పెట్టి, ముందు చల్లబరిచి, తర్వాత డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళమంటారు. ఇది ఇంట్లో కుక్క ఉన్నవాళ్ళందరూ తెలుసుకోవాల్సిన విషయం. కానీ లడ్డూ ప్రాణం పోయింది తువ్వాలు వల్ల కాదు. కారులో గడిచిన ఆ ముప్పావుగంటలోనే లోపల జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయింది. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ డిగ్రీల దాకా ఉంటుంది. అది 106 దాటితే మెదడు, కిడ్నీలు, కాలేయం, పేగులు అన్నీ దెబ్బతినడం మొదలవుతుంది. రక్తం గడ్డకట్టే పద్ధతి కూడా తప్పిపోతుంది. అందుకే పైకి కాస్త తేరుకున్నట్టు కనిపించిన కుక్కలు కూడా కొన్ని గంటల తర్వాత పోతాయి. ఇజ్రాయెల్‌లో వడదెబ్బతో ఆస్పత్రిలో చేరిన 54 కుక్కల మీద చేసిన అధ్యయనం ఒకటి 2006లో వచ్చింది. అన్ని సౌకర్యాలూ ఉన్నచోట వైద్యం చేసినా వాటిలో సగం దక్కలేదు. మీకు ఆ క్షణంలో తెలిసింది మీరు చేశారు. ఎవరో తర్వాత వచ్చి అన్న మాటను ఇన్నాళ్ళు మోసింది చాలు.

ఇప్పుడు కారు గురించి. ఇది మామయ్యగారిని వెనకేసుకురావడానికి చెప్పడం లేదు. ఏం జరిగిందో మీకు స్పష్టంగా తెలియాలని చెబుతున్నాను. ఎండలో ఆపిన కారు లోపల ఎంత వేగంగా వేడెక్కుతుందో అమెరికాలో కొలిచి చూసి 2005లో ఫలితాలు వేశారు. గంటలో సగటున 40 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే మన లెక్కలో 22 సెల్సియస్ డిగ్రీలు పెరిగింది. అందులోనూ 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు కాస్త దించి ఉంచినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది కూడా మన మే నెల కంటే చల్లటి రోజుల్లో. వేపచెట్టు నీడ ఒకచోట నిలబడదు, ఎండతోపాటు జరిగిపోతుంది. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దానికున్న ముఖ్యమైన దారి. పగ్‌లాంటి చప్పిడి ముక్కు కుక్కకు ఆ దారి కూడా ఇరుకు. మూసిన కారులో దాని ఊపిరికే గాలి తేమెక్కిపోయి, ఎంత రొప్పినా ఒళ్ళు చల్లబడదు. ఇవేవీ మామయ్యగారికి తెలియవు. అద్దాలు దించారంటే, నీడ వెతికి ఆపారంటే, వాడి గురించి ఆలోచించారనే అర్థం. అయినా అది తప్పే. అది తప్పని ఆయనకు ఎవరో ఒకరు చెప్పాలి కూడా. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. మీవారు 'కుక్క కోసం ఇంత రాద్ధాంతమా' అని కొట్టిపారేశారు, మీరు నోరు మూసుకున్నారు.

నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది మీ ఉత్తరంలో. 'వెంట తీసుకెళ్ళమని మామయ్యగారికి నేనే చెప్పాను.' రాసి, దాని మీద ఇంకొక్క మాట కూడా రాయకుండా ముందుకు వెళ్ళిపోయారు. అమ్మా, పురుగుల మందు కొడుతున్న ఇంట్లో కుక్కను ఉంచకూడదు. మీరు వాడిని కాపాడటానికే బయటికి పంపారు. కారులో వదిలేయమని పంపలేదు కదా. మీ తప్పు అందులో రవ్వంత కూడా లేదు. కానీ మీ మనసు ఒప్పుకోవడం లేదు. ఆయన ముఖం చూస్తే ఆ పొద్దున మీ నోటినుంచి వచ్చిన మాట గుర్తొస్తోంది. ఆయన ఇంట్లో లేకపోతే ఆ మాట వినపడదని ఆశపడుతున్నారు. ఆయన మీద మీకున్న కోపంలో ఆయనకు చెందాల్సిన వాటా ఉంది, మీమీద మీరు పెట్టుకున్న వాటా కూడా ఉంది. రెండూ కలిపి ఆయనకే వడ్డిస్తున్నారు.

వడ్డించడం అంటే గుర్తొచ్చింది, ఆ కంచం గురించి గట్టిగా చెప్పాలి. పెద్దవాళ్ళు కదా, సర్దుకుపొమ్మని చెప్పే అలవాటు నాకు లేదు. కోడలికి ఆత్మాభిమానం ఉండాలని, మామగారైనా అత్తగారైనా తప్పు చేస్తే ముఖం మీద చెప్పే ధైర్యం ఉండాలని నమ్ముతాను. కానీ మాట్లాడకుండా అన్నం పెట్టడం ధైర్యం కాదు. ఆయన తినేది మీ చేతి వంట. ఆ టేబుల్ దగ్గర ఆయన వయసు, పెద్దరికం ఎందుకూ పనికిరావు. కూర ఇంకాస్త కావాలని అడగలేరు, మజ్జిగ చాల్లేదని చెప్పలేరు. ఇంకో పూట తినకుండా ఉండలేరు కాబట్టి వచ్చి కూర్చుంటారు. ఆకలేసిన మనిషిని మూడుపూటలా తలదించుకుని తినేలా చేయడం నా దృష్టిలో చాలా పెద్ద శిక్ష, ఏ తప్పుకైనా సరే. ఆయన మీ నాన్నగారై, ఇది మీ పుట్టింట్లో మీ వదిన చేస్తూ ఉంటే మీరు ఒక్కరోజు కూడా ఊరుకోరు.

గిన్నె సంగతికి వస్తే, నాటకం అన్నారు. ఎవరికి చూపించడానికి? మీరు మాట్లాడరు, మీవారు పట్టించుకోరు, పాప ఆ గది వైపే రాదు. అత్తయ్యగారు పోయాక ఆ గదిలో రాత్రిపూట ఆయనకు ఇంకో ప్రాణి ఊపిరి చప్పుడు వినిపించిందంటే అది లడ్డూదే. పగ్ గురక ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆ గది నిశ్శబ్దంగా ఉంటుంది, దానికి కారణం తానేనని ఆయనకు తెలుసు. ఇంట్లో అన్నం తింటున్నంతసేపూ ఆ సంగతి ఇంకొకరు గుర్తు చేస్తూనే ఉన్నారు. ఆ ఇంట్లో లడ్డూ కోసం ఏడ్చేవాళ్ళు ఇద్దరున్నారు, మీరూ ఆయనా. ఒకరి ఏడుపు ఒకరికి కనపడకుండా దాచుకుంటున్నారు.

మీ ఏడుపు ఇంకా తగ్గలేదంటే నాకు ఆశ్చర్యం లేదు. మనిషి పోతే మన దగ్గర పరామర్శకు వస్తారు, పక్కన కూర్చుంటారు, బంధువుల ఇంటినుంచి క్యారియర్ వస్తుంది, పదోరోజూ పదకొండోరోజూ అని ఒక లెక్క ఉంటుంది. కుక్క పోతే ఇవేవీ లేవు. మర్నాడే స్కూలుకెళ్ళి బోర్డు మీద లెక్కలు చేయించాలి. కళ్ళెందుకు వాచాయని అడిగితే జలుబని చెప్పాలి. వాడిని ఎక్కడ పాతిపెట్టారో మీరు రాయలేదు. పొలమో, ఊరి బయట ఖాళీ జాగానో, ఎక్కడైనా సరే, ఒక సాయంత్రం అక్కడికి వెళ్ళండి. మామయ్యగారినీ పాపనూ వెంట తీసుకెళ్ళండి.

పాప గురించి ఒక్క లైను రాసి వదిలేశారు. నాకు అన్నిటికంటే భయం వేసింది ఆ లైనుకే. వడదెబ్బ అంటే ఏమిటో నాలుగో తరగతి పిల్లకు తెలియదు. అమ్మ ఎవరితో మాట్లాడదో వాళ్ళతో మనమూ మాట్లాడకూడదని మాత్రం తెలుస్తుంది. మన ఇంట్లో పెద్ద తప్పు చేస్తే ఇక ఎవరూ పలకరించరని కూడా ఆ పిల్ల నేర్చుకుంటోంది. రేపు పదో తరగతిలోనో ఇంటర్‌లోనో తనవల్ల ఏదైనా పొరపాటు జరిగితే మీ దగ్గరికి వచ్చి చెప్పదు. తాతయ్యకు ఏమైందో చూసింది కాబట్టి.

అందుకే ఈ వారంలోనే, పాప ఇంట్లో లేని వేళ చూసుకుని, మామయ్యగారి గదిలోకి వెళ్ళి కూర్చోండి. నిలబడి మాట్లాడొద్దు. 'మామయ్యా, మీరు వాడిని కార్లో వదలకుండా ఉండాల్సింది. నాకు మీమీద చాలా కోపంగా ఉంది. మీతో తీసుకెళ్ళమన్నది నేనే కదా అని నామీద నాకూ కోపంగా ఉంది. వాడు లేకుండా ఉండలేకపోతున్నాను' అనండి. ఈ మూడూ చెప్పండి, ఏదీ మింగొద్దు. క్షమించేశానని అబద్ధం చెప్పనక్కర్లేదు, ఆయన కాళ్ళు పట్టుకోనక్కర్లేదు. ఆయన ఏడవవచ్చు. లేదా 'మా రోజుల్లో కుక్కలు ఎండలోనే తిరిగేవి' అని అనొచ్చు. ఆ మాట వస్తే వాదించకండి, అది భయంతో వచ్చే మాట. కాసేపు కూర్చోండి. ఆ పూట ఆయనతోపాటు మీరూ కంచం పెట్టుకుని అక్కడే తినండి. కూరేమిటో, ఉప్పు సరిపోయిందో లేదో, అలాంటి మాటలతో మొదలైనా చాలు.

మీవారి గురించి ఎక్కువ రాయను. 'కుక్క కోసమా' అన్నందుకు ఆయనతో పోట్లాడి లాభం లేదు, కానీ ఈ జవాబు చదివించండి. బాబూ, మహాప్రస్థానంలో తమ్ముళ్ళూ ద్రౌపదీ దారిలో పడిపోతున్నా ముందుకు నడిచిన ధర్మరాజు, నమ్మి వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానని ఇంద్రుడితోనే చెప్పాడు. మీ ఇంట్లో మీ భార్యా మీ నాన్నగారూ ఏడుస్తున్నది ఐదేళ్ళు ఇంట్లో తిరిగిన ప్రాణి కోసం. మధ్యలో తీర్పు చెప్పడం మానేసి, రాత్రి కాసేపు మీ నాన్నగారి గదిలో మంచం వేసుకుని పడుకోండి.

మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు ఈపాటికి 'ఇంకో కుక్కపిల్లను తెచ్చుకోండి' అనే ఉంటారు. ఇప్పుడే వద్దు. మీరూ మామయ్యగారూ మాట్లాడుకున్న తర్వాత, ఇంట్లో అందరూ కలిసి అనుకుని తెచ్చుకుంటే సంతోషమే. అప్పుడు కూడా చప్పిడి ముక్కు జాతి వద్దు. రోహిణి కార్తెకు రోళ్ళు పగిలే మన ఊళ్ళలో పగ్‌లనూ బుల్‌డాగ్‌లనూ పెంచడం వాటికి శిక్షని నేను చాలాకాలంగా అంటున్నాను. వీధిలో పుట్టిన నాటు పిల్ల ఈ ఎండకు వాటికంటే బాగా తట్టుకుంటుంది. దానినైనా మండుటెండలో తిప్పకూడదు, ఆపిన కారులో ఒక్క నిమిషం కూడా వదలకూడదు.

నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, క్లాసులో పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోవడం లాంటివి ఇంకా ఉంటే ఒక మానసిక వైద్యుడిని కలవండి. కుక్క కోసం వచ్చానని చెప్పడానికి సిగ్గుపడకండి, ఆ డాక్టర్లకు ఇది కొత్త కాదు.

మామయ్యగారితో మాట్లాడాక ఏమైందో నాకు రాయండి. ఆయన ఒక్క మాటా అనకుండా లేచి బయటికి వెళ్ళిపోతే అది కూడా రాయండి. అప్పుడు తర్వాత ఏం చేయాలో ఆలోచిద్దాం.