మిర్చి ధర పడింది, పంట రుణం గడువు దగ్గరపడింది

ప్రశ్న: మాది మహబూబాబాద్ జిల్లా. నాన్న మూడెకరాల్లో మిర్చి వేశారు. కిసాన్ క్రెడిట్ కార్డు మీద రూ.1,60,000 పంట రుణం ఉంది. ధర లేక సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. వచ్చే నెలకు ఏడాది నిండుతుంది. బ్యాంకు గడువు పెంచుతుందా? రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టమని ఊళ్లో అంటున్నారు.
– ఒక పాఠకుడు, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: ధర పడిందని గడువు దానంతటది పెరగదు. కరువు, వడగండ్ల వంటి విపత్తు వచ్చినట్టు ప్రభుత్వం ప్రకటించి, పంట నష్టం 33 శాతం, అంతకుమించి ఉన్నచోటే ఆ వెసులుబాటు వర్తిస్తుంది.

ఇక వడ్డీ లెక్క. ఏడు శాతం చొప్పున ఏడాదికి రూ.11,200. గడువులోగా కడితే మూడు శాతం రాయితీ పోను రూ.6,400 చాలు. గడువు దాటితే ఆ రూ.4,800 పోతుంది, ఆపైన బ్యాంకు మామూలు వడ్డీ పడుతుంది. అయితే రెండు రూపాయల వడ్డీ అంటే లక్షా అరవై వేలకు నెలకు రూ.3,200. నెలన్నర తిరిగేసరికి రాయితీ మొత్తం దానికే సరి. చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. బయట తెచ్చి కట్టేస్తారు, ఆ అప్పు తీర్చేందుకు బ్యాంకు నుంచి రావాల్సిన కొత్త రుణం ఏదో కాగితం తక్కువై రెండు నెలలు ఆగుతుంది. కాబట్టి పాసుపుస్తకం, ఆధార్, పంట వివరాలు ఇప్పుడే ఇచ్చి, రెన్యువల్‌కు ఇంకేం కావాలో మేనేజర్‌ను అడగండి. అన్నీ సరిపోయాయని తేలాకే బయట అప్పు మాట.

దానికంటే ముందు ఒక బస్తా విప్పించి చూడండి. తొడిమ దగ్గర బూజు, రంగు వెలిసిన కాయ కనిపిస్తే ఆ లాటు ఆపొద్దు. తాలు (నాసిరకం కాయ) కూడా అంతే, అద్దె దండగ. అప్పు తీరేమేరకు అమ్మి, మేలు రకం మాత్రమే ఉంచుకోమని నా సలహా. ఆ స్టోరేజీకి గిడ్డంగుల నియంత్రణ సంస్థ రిజిస్ట్రేషన్ ఉండి ఎలక్ట్రానిక్ రసీదు ఇస్తుంటే, ఐదెకరాల్లోపు కార్డు రైతుకు దాని మీద ఆరు నెలల వరకు రాయితీ వడ్డీకే రుణం వస్తుంది. మామూలు చీటీకి ఆ రాయితీ రాదు.

ప్రశ్న: పాత పంట రుణం వడ్డీ అసలును దాటింది. న్యాయమేనా?
– ఒక పాఠకురాలు, ఎల్‌బీ నగర్

జవాబు: కాదు. సన్న, చిన్నకారు రైతుల స్వల్పకాలిక రుణంలో మొత్తం వడ్డీ అసలును మించకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఖాతా స్టేట్‌మెంట్ తీసుకుని బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. వివరాలకు 14448కు ఫోన్ చేయండి.