లంకెబిందెల కోసం ఇచ్చిన డబ్బు పోయింది... కేసు పెడితే మా మీదకే వస్తుందా?

సందేహం: మాకు రెండెకరాల మెట్ట పొలం ఉంది. నిరుడు ఒక స్వామి ఇంటికొచ్చి అంజనం వేసి చూసి, మా వేపచెట్టు కింద లంకెబిందెలు ఉన్నాయని మావారికి చెప్పాడు. పూజలకని, నాగబంధం విప్పడానికని విడతలవారీగా రూ.6.80 లక్షలు తీసుకున్నాడు. అందులో సగం నా పుట్టింటి బంగారం తాకట్టు పెట్టి తెచ్చిందే. దొరికినదాంట్లో చెరిసగం అని వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకున్నారు. మూడు అమావాస్యలు తవ్వారు, ఏమీ లేదు. ఇప్పుడు ‘పెద్ద బలి’ ఇవ్వాలి, ఇంకో రెండు లక్షలు కావాలి, మధ్యలో ఆపితే ఇంటిల్లిపాదీ రక్తం కక్కుకుంటారు అంటున్నాడు. పోలీసుల దగ్గరకు వెళదామంటే మావారు ‘నిధి తవ్వడమే నేరం, ముందు మనల్నే లోపలేస్తారు’ అని ఆపుతున్నారు. ఏం చేయాలి? డబ్బు తిరిగొస్తుందా? (పేరు రాయవద్దన్న ఒక సోదరి)

జవాబు: అమ్మా, డబ్బు సంగతి తర్వాత. ముందు ఆ ‘పెద్ద బలి’ అన్న మాట. అది మేకా, కోడా, ఇంకేదైనానా అని అతణ్ని అడిగి తెలుసుకునే పని పెట్టుకోకండి. గుప్తనిధుల పేరుతో డబ్బు తీసుకుని, గట్టిగా అడిగినవాళ్లను ఒకరి తర్వాత ఒకరిని చంపాడన్న ఆరోపణపై 2023 డిసెంబరులో నాగర్‌కర్నూల్ పోలీసులు ఒక మనిషిని అరెస్టు చేశారు. మీ స్వామి అంతటివాడని నేననడం లేదు. కానీ ‘ఒంటరిగా రండి, రాత్రిపూట రండి, ప్రసాదం తినండి’ అని పిలిస్తే మీవారిని కదలనివ్వకండి. పిల్లల్ని పూజలో కూర్చోబెట్టమంటే మాత్రం ఇంకేం ఆలోచించకుండా 112కి ఫోన్ చేయండి.

ఇక మీవారి భయం. సగం తెలిసిన చట్టం ఎంత పని చేస్తుందో చూడండి! భూమిలో దొరికే నిధి గురించి మనకు 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ఉంది. సొంత పొలంలో గొయ్యి తవ్వడాన్ని అది నేరం అనలేదు. పది రూపాయలకు మించిన విలువైనది ఏదైనా దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి, వస్తువును ట్రెజరీలో జమ చేయాలి లేదా హామీ ఇవ్వాలి అంటుంది. దాచిపెడితే ఏడాది దాకా జైలు, పైగా దొరికినవాడి వాటా కూడా పోతుంది. మీకు దొరికింది మట్టి, రాళ్లు. వాటికి కలెక్టరుకు అర్జీ అక్కర్లేదు. ఒక్క విషయం మాత్రం చూసుకోండి: పొలం పక్కన పురావస్తు శాఖ రక్షణలో ఉన్న పాత గుడిగానీ కోటగానీ ఉంటే లెక్క వేరు. కేంద్ర రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల తవ్వకాలు, కట్టడాలు నిషిద్ధం. అలాంటిది ఉంటే ఫిర్యాదుకు ముందే మీ దగ్గర్లోని లాయరుకు ఆ సంగతి చెప్పండి.

మీవారు నోరు విప్పని అసలు మాట ఇంకొకటి ఉంటుంది. ‘ఆశపడి ఇచ్చాం, ఏ మొహం పెట్టుకుని స్టేషనుకు వెళతాం?’ అని. నా దగ్గరకొచ్చే ఇలాంటి కేసులన్నిట్లో ఇదే ఉంటుంది. కొన్నేళ్ల కిందట ఒక రిటైర్డ్ ఉద్యోగి తువ్వాల్లో చుట్టి ఒక రాగి చెంబు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పిడుగు పడిన చెంబట, ఇరిడియం అనే అరుదైన లోహం ఉందట, అందుకే బియ్యాన్ని లాగుతుందట, విదేశీ కంపెనీ కోట్లిస్తుందట. చిటికెడు బియ్యం చల్లితే నిజంగానే గింజలు చెంబుకు అతుక్కున్నాయి. ఇంట్లో ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతం ఒకటి తెప్పించి అవే గింజల దగ్గర పెట్టాను. దానికీ అతుక్కున్నాయి. గింజలకు ఇనుప పొడి పట్టించారు, చెంబు అడుగున అయస్కాంతం దాచారు, అంతే. ఆయన చాలాసేపు ఆ గింజల్నే చూస్తూ కూర్చుని, చివరికి అన్న మాట: ‘మా అల్లుడికి తెలియకూడదండీ.’ కేసు పెట్టలేదు. ఆ చెంబు అమ్మినవాడు ఇంకో ఊళ్లో ఇంకో చెంబు అమ్ముకుంటూనే ఉండి ఉంటాడు.

ఒకప్పుడు ఎవరికైనా ఉన్నట్టుండి డబ్బొస్తే ‘ఎలా వచ్చిందిరా?’ అని నిలదీసేవాళ్లు. ఇప్పుడు ‘మాకూ కాస్త చెప్పు’ అంటున్నారు. అంజనం వేసేవాడికీ, గొలుసుకట్టు స్కీముల ఏజెంటుకీ ఈ మార్పే పెట్టుబడి. స్కీముల వాళ్లను పట్టుకోవడానికి 1978లోనే ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం వచ్చింది. మంత్రగాళ్ల కోసం మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. మన తెలుగు రాష్ట్రాల్లో అలాంటిది లేదు. ఉండాల్సిందని నా అభిప్రాయం. అయితే మీ కేసుకు మామూలు శిక్షాస్మృతి చాలు.

భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి వచ్చింది) సెక్షన్ 318(4), అంటే పాత 420. అబద్ధం చెప్పి నమ్మించి డబ్బు లాగితే ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. మోసపోయినవాడు దురాశపరుడని మోసగాణ్ని వదిలిపెట్టాలని ఆ సెక్షన్లో ఎక్కడా లేదు. ‘రక్తం కక్కుకుంటారు’ అన్నదానికి విడిగా సెక్షన్ 354 ఉంది: చెప్పింది చేయకపోతే దైవాగ్రహానికి గురవుతావని నమ్మించి ఎవరిచేతనైనా పని చేయించుకోవడం ఏడాది దాకా శిక్షపడే నేరం. స్టేషన్లలో ఈ సెక్షన్ పెద్దగా వాడరు. అందుకే ఫిర్యాదులో అతను అన్న మాటల్ని అన్నవి అన్నట్టే రాయండి. ‘బెదిరించాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి.

ఆ స్టాంపు పేపరు చించేశారేమోనని నా భయం. చించకపోతే జాగ్రత్త చేయండి. ఒప్పందంగా అది చెల్లకపోవచ్చు. దొరికిన నిధిని గుట్టుగా పంచుకుందామన్న ఉద్దేశం చట్టవిరుద్ధం కాబట్టి, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 కింద కొట్టేస్తారు. దాన్ని పట్టుకుని సివిల్ దావా వేస్తే ‘చేతులు కలిపి చేసిన పనికి కోర్టు సాయం దేనికి’ అనిపించుకోవాల్సి రావచ్చు. కానీ అతని సంతకం ఉన్న కాగితం క్రిమినల్ కేసులో గట్టి సాక్ష్యం. అలాగే ఫోన్‌పే లెక్కలు, బ్యాంకు పాసుబుక్కు, వాట్సాప్ వాయిస్ మెసేజీలు. ఫోను మార్చకండి, మెసేజీలు చెరపకండి. వాటిని కోర్టులో పెట్టేటప్పుడు సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అది లాయరు చూసుకుంటారు.

బంగారం పుట్టింటివారు మీకు పెట్టింది కాబట్టి స్త్రీధనం. భర్త దగ్గరున్నా అది భార్యదేనని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీవారి మీద కేసు పెట్టమని కాదు ఈ మాట చెప్పడం. ఫిర్యాదు మీ పేరున మీరే ఇవ్వవచ్చు, ఆయన కదలకపోయినా సరే. తాకట్టు రసీదు మీద గడువు తేదీ ఈరోజే చూడండి. వేలం దాకా రానివ్వకుండా వడ్డీ అయినా కడుతూ ఉండండి.

స్టేషన్లో ‘ఇది సివిల్ తగాదా, మీలో మీరు చూసుకోండి’ అంటారు, దాదాపుగా అంటారు. కాగ్నిజబుల్ నేరం (వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగలిగేది) కనిపిస్తుంటే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితాకుమారి తీర్పు ఉంది. కట్టకపోతే నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చింది) సెక్షన్ 173(4) ప్రకారం ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అక్కడా పని కాకపోతే మేజిస్ట్రేటు కోర్టు ఉంది. ఏడేళ్లకు మించని శిక్ష కాబట్టి అతణ్ని వెంటనే అరెస్టు చేయకుండా నోటీసిచ్చి పంపవచ్చు. దాంతో కేసు పోయిందనుకుని టెన్షన్ పడకండి.

డబ్బు? మొత్తం వస్తుందని చెప్పలేను. నేరం ద్వారా సంపాదించిన ఆస్తిని జప్తు చేసి, కలెక్టరు ద్వారా బాధితులకు పంచే వీలు నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 107లో ఉంది. అతని పేరున ఇల్లో స్థలమో ఉంటే సర్వే నంబరుతో సహా దర్యాప్తు అధికారికి ఇవ్వండి. కేసు కట్టాక మధ్యవర్తులు వస్తారు, ‘సగమిస్తాం, రాజీపడండి’ అంటారు. 318(4) కోర్టు అనుమతితో రాజీ చేసుకోదగ్గదే. డబ్బు చేతికి రాకముందు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

ఆ గొయ్యి పూడ్చారా? పూడ్చకపోతే అలాగే ఉంచండి. తేదీ కనబడేలా నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, పశువులూ పిల్లలూ పడకుండా చుట్టూ కంప వేయించండి. పోలీసులు వచ్చి పంచనామా రాసుకోనివ్వండి.