మళ్లీ ఇంటరేంటి అంది మీ నానమ్మ

ఒంగోలు

చి. బుజ్జికి,
పెదనాన్న ఆశీస్సులు.

ఈ సెమిస్టర్‌లో నీకు ఇంటర్మీడియట్ మాక్రో ఎకనామిక్స్ ఉందని మీ నాన్న చెబుతుంటే, పక్కనే ఉన్న నానమ్మ ‘ఇంటర్ ఎప్పుడో పాసయింది కదరా, మళ్లీ ఇంటరేంటి?’ అంది. చాలాసేపు నవ్వుకున్నాం. ఆ తర్వాత మీ నాన్న అసలు సంగతి చెప్పాడు, మొదటి ఇంటర్నల్‌లో మార్కులు తగ్గి ఏడ్చావట. అందుకే ఈ ఉత్తరం.

నేను ఎం.ఏ. చదివే రోజుల్లో ఐఎస్-ఎల్ఎమ్ (అడ్డంగా ఆదాయం, నిలువుగా వడ్డీ రేటు పెట్టి, సరుకుల మార్కెట్‌కి ఐఎస్, డబ్బు మార్కెట్‌కి ఎల్ఎమ్ అని రెండు గీతలు గీసే బొమ్మ) ప్రశ్నకి స్కేలు పెట్టి, రెండు రంగుల పెన్నులతో ముచ్చటగా బొమ్మ గీశాను. 15కి 4 వచ్చాయి. మాస్టారు మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఒక్క ముక్క రాశారు: ‘ఎవరు కదిపారు?’ నాకు కోపమొచ్చింది. అర్థం కావడానికి నెల పట్టింది.

మీ నాన్న రొయ్యల చెరువులతోనే చెబుతాను. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. కొత్తపట్నం వైపు రైతులందరికీ గుండె జారిపోయింది. ఇప్పుడు పెన్ను కింద పెట్టి మాటల్లో చెప్పు. ముందు కదిలింది ఎవరు? అవతలి దేశం కొనేవాడు. అతను కొనడం తగ్గిస్తే మన నికర ఎగుమతులు, అంటే ఎగుమతుల్లోంచి దిగుమతులు తీసేస్తే మిగిలేవి, తగ్గాయి. వడ్డీ రేటు ఎంతున్నా సరే, సరుకుకి గిరాకీ ముందుకన్నా తక్కువే. కాబట్టి ఐఎస్ గీత ఎడమకి జరిగింది. ఆదాయం తగ్గింది, చేతిలో డబ్బు ఉంచుకోవాల్సిన అవసరం కూడా తగ్గింది, వడ్డీ దిగింది. రూపాయి విలువ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టు, అది తర్వాత చాప్టర్‌లో వస్తుంది.

సగం క్లాసు తప్పు చేసేది ఇక్కడే. వడ్డీ తగ్గింది కాబట్టి పెట్టుబడి పెరుగుతుంది, పెట్టుబడి పెరిగింది కాబట్టి ఐఎస్‌ని మళ్లీ కుడికి జరపాలి అనుకుంటారు. జరపకూడదు. వడ్డీ తగ్గితే పెట్టుబడి ఎంత పెరుగుతుందన్నది ఆ గీత వాలులోనే ఉంది. అది గీత మీద నడవడం, గీతే జరగడం కాదు. బొమ్మ అక్షాల మీద లేని కారణం వస్తేనే గీత జరుగుతుంది. నా 11 మార్కులు పోయింది ఈ ఒక్క దగ్గరే.

ఇంకో చిక్కు ఉంది. ఆర్థికవేత్త హిక్స్ 1937లో గీసిన బొమ్మలో డబ్బు సరఫరా స్థిరం. ఈ రోజుల్లో రిజర్వ్ బ్యాంకు రెపో రేటు (బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీ) నిర్ణయించి, దానికి తగ్గట్టు డబ్బుని సర్దుతుంది. అందుకే కొందరు ఎల్ఎమ్‌ని అడ్డంగా, చదునుగా గీస్తారు. అలా గీస్తే వడ్డీ దిగదు, పెట్టుబడి ఆదుకోదు, ఆదాయం ఇంకా ఎక్కువ పడుతుంది. మీ మేడమ్ ఏది గీస్తారో పరీక్షకి ముందే కనుక్కో. సిగ్గుపడొద్దు.

లెక్కలు మాత్రం చూసి వదిలేయకు, చేత్తో చెయ్యి. ఉపాంత వినియోగ ప్రవృత్తి (అదనంగా వచ్చిన రూపాయిలో ఖర్చు పెట్టే వంతు) 0.8 అయితే గుణకం (ఒక రూపాయి ఖర్చు పెరిగితే ఆదాయం ఎన్ని రూపాయలు పెరుగుతుందన్న లెక్క) 5 అని బట్టీ పట్టి ఉంటావు. ఆదాయంలో నాలుగో వంతు పన్ను కింద పోతుందని పెట్టి మళ్లీ చెయ్యి. 5 కాస్తా రెండున్నర అవుతుంది. ఎందుకైందో మీ రూమ్మేట్‌కి చెప్పగలిగితే ఆ చాప్టర్ అయిపోయినట్టే.

లోటుకీ అప్పుకీ తేడా పదేపదే మర్చిపోతున్నానన్నావు. పేపర్లో సోమశిల రిజర్వాయర్ సంగతి పడుతుంది కదా. నిల్వ టీఎంసీల్లో, వచ్చే నీరు క్యూసెక్కుల్లో రాస్తారు. ప్రభుత్వం అప్పు ఇప్పటిదాకా పోగైన నిల్వ, అంటే టీఎంసీ; లోటు ఏటా కొత్తగా వచ్చి చేరేది, అంటే క్యూసెక్కు. ఇన్‌ఫ్లో తగ్గిందని రాసిన రోజున కూడా, గేట్లు మూసే ఉంటే, నీటిమట్టం పెరుగుతూనే ఉంటుంది. లోటు తగ్గింది కాబట్టి అప్పు తగ్గిందని టీవీలో ఎవరైనా అంటే ఇది గుర్తు తెచ్చుకో. (మన టీవీ వాళ్లు అంటారు కూడా.)

రిజర్వ్ బ్యాంకు పరపతి విధాన ప్రకటన వచ్చినప్పుడల్లా ఒక పేజీ అయినా చదువు. ద్రవ్యోల్బణం లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం, ఇది 2016 నుంచి ఉన్న ఏర్పాటు. అందులో ఒక్క వాక్యం తీసుకుని, ఏ గీత గురించి మాట్లాడుతున్నారో పక్కన రాసుకో. మొదట్లో విసుగ్గా ఉంటుంది.

రాబర్ట్ సోలో అనే ఆర్థికవేత్త చెప్పిన ఎదుగుదల నమూనా గురించి ఇప్పుడే టెన్షన్ పడకు, అది వేరే తీరు. సంక్రాంతికి వస్తావుగా, అప్పుడు కూర్చుందాం.

ఈ ఆదివారం టిఫిన్ అయ్యాక ఫోన్ చెయ్యి. నీ ఇంటర్నల్ పేపర్లోని మూడో ప్రశ్న దగ్గర పెట్టుకో. బొమ్మ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపొద్దు, నేను తెరవను. ఎవరు కదిపారో ముందు నోటితో చెప్పు.

మీ పెదనాన్న