‘నెత్తురు కణాలు’ తప్పా?

సందేహం: “మా బడి పిల్లలు మొబైల్ ఫోను కెమెరాకు చిన్న గాజుపూసను అమర్చి, బజారులో సిద్ధంగా దొరికే రక్తపు స్లైడును విజ్ఞాన ప్రదర్శనలో చూపించారు. అట్ట మీద ‘సెల్లును సూక్ష్మదర్శినిగా మార్చి నెత్తురు కణాల పరీక్ష’ అని రాశారు. ‘నెత్తురు కణాలు’ తెలుగు, సంస్కృత మాటలు పొసగకుండా కలిసిన వైరి సమాసమనీ, ‘రక్తకణాలు’ అనే రాయాలనీ, ‘సూక్ష్మదర్శిని’ కాదు ‘సూక్ష్మదర్శకం’ అనీ మా తోటి ఉపాధ్యాయుడొకరు ఆక్షేపించారు. సెల్లంటే ఫోనా, కణమా అని పిల్లలు నవ్వుతున్నారు. ఏది సరి?” – అనంతపురం జిల్లా గుత్తి ప్రాంతం నుంచి ఒక ఉపాధ్యాయుడు.

సమాధానం: మీ తోటి ఉపాధ్యాయుడు వేలు పెట్టిన చోట లోపం ఉన్నమాట నిజమే గాని, ఆయన చెప్పిన కారణం సరి కాదు. నెత్తురు తెలుగు మాట, కణం సంస్కృతం నుంచి వచ్చిన మాట. ఈ రెండూ కలిసినంత మాత్రాన వైరం పుట్టదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సమాసాన్ని సాంస్కృతికం (సంస్కృతపు మాటలది), ఆచ్ఛికం (తెలుగు మాటలది), మిశ్రం (రెండూ కలిసినది) అని మూడు విధాలుగా విభజించి, మిశ్రానికి తగిన చోటు ఇచ్చాడు. మిశ్రమమే దోషమైతే మనం ముందుగా వదులుకోవలసిన మాట ‘భూతద్దం’. వైద్యులు, పత్రికలవారు నిత్యం వాడే ‘కొడవలి కణాలు’ అన్న మాటనూ తీసివేయవలసి వస్తుంది. గుండ్రంగా ఉండవలసిన ఎర్రకణం కొడవలిలా వంగిపోయే ఆ జబ్బుకు శుద్ధ సంస్కృతంలోనే పేరు పెట్టాలని పట్టుబడితే ‘దాత్రకణం’ అనాలి. కొడవలి పట్టి శనగ కోసే రైతుకు ఆ మాట చెప్పి చూడండి.

లోపమల్లా ‘టి’ లేకపోవడం. నోరు, గోరు, ఏరు, కన్నీరు వంటి మాటలు మరొక నామానికి ముందు నిలిచినప్పుడు నోటి మాట, గోటి గాటు, ఏటి ఒడ్డు, కన్నీటి చుక్క అయినట్లే, నెత్తురు ‘నెత్తుటి’ అవుతుంది. ఈ ‘టి’ వర్ణాన్నే వ్యాకరణంలో ఔపవిభక్తికం అంటారు. కాబట్టి ‘నెత్తుటి కణాలు’ అంటే వ్యాకరణానికీ చెవికీ రెండింటికీ కుదురుతుంది. ‘నెత్తురుగడ్డ’ వంటి మాటల్లో టి లేకుండానే వాడుక స్థిరపడింది గనుక ‘నెత్తురు కణాలు’ అన్నదాన్ని ఘోరమైన తప్పుగా నేను కొట్టివేయను. కాని పిల్లలు పెద్ద అక్షరాలతో రాసే అట్ట మీద టి ఉండడమే మేలు.

అయితే ‘రక్తకణాలు’ వద్దా అంటే, పాఠ్యపుస్తకంలో అదే ఉండనివ్వండి. సందర్భాన్ని బట్టి మాట మారుతుందనడానికి నేను చూసినది ఒకటి చెబుతాను. కడపలో ఒక ల్యాబులో నా వంతు కోసం కూర్చున్నప్పుడు, అక్కడి కుర్రవాడు ఒక ముసలమ్మ వేలి కొసన సూదితో పొడిచి, ఆ చుక్కను గాజు స్లైడు మీద పెట్టి, మరొక స్లైడు అంచుతో ఒక్క ఈడ్పున పలుచగా పూత లాగాడు. తర్వాత ఆమె చేతికి ఇచ్చిన కాగితం మీద ఏ మాట ఉందో గాని, నోటితో మాత్రం “అవ్వా, నీకు నెత్తురు తక్కువుండాది” అన్నాడు. “నెత్తురే ల్యాకపోతే చేనికి ఎట్ల పోతాన్రా నాయినా” అని ఆమె గదమాయించింది. ఆ కుర్రవాడు ‘రక్తహీనత’ అని ఉంటే ఆమె అంత చురుకుగా జవాబు చెప్పగలిగేది కాదు. మీ ప్రదర్శనకు వచ్చే ఊరివారికి నెత్తుటి కణాలే దగ్గరి మాట.

ఇక సూక్ష్మదర్శిని సంగతి. సంస్కృతంలో దర్శిన్ శబ్దానికి స్త్రీలింగం ‘దర్శినీ’; నదీ, గౌరీ అన్నవి తెలుగులో నది, గౌరి అయినట్లే ఇదీ హ్రస్వమై ‘దర్శిని’ అయింది. ‘దర్శకం’ అంటే చూపించేది. పరికరం తాను చూడదు, మనకు చూపిస్తుంది గనుక దర్శకమే సరి అని మీ మిత్రుని వాదం కావచ్చు. కాని దీర్ఘదర్శి అన్నప్పుడు దూరం చూసేవాడు, మార్గదర్శి అన్నప్పుడు దారి చూపించేవాడు; ‘దర్శి’కి రెండు అర్థాలూ మనకు అలవాటే. పైగా కన్నడంలో ‘సూక్ష్మదర్శక’ అనే అంటారు. మీది కన్నడ సీమకు దగ్గరి జిల్లా, ఆ పలుకుబడి మీ మిత్రునికి అక్కడినుంచి వచ్చిందేమో. తెలుగులో సూక్ష్మదర్శిని స్థిరపడింది, దానినే ఉంచండి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి ‘మార్చి’, ‘పరీక్ష’ అన్న మాటలు. ‘గా మార్చు’ అన్నప్పుడు పాతది పోయి కొత్తది మిగలాలి. పాలను పెరుగుగా మారుస్తాం, పెరుగు మళ్ళీ పాలు కాదు. ఇక్కడ పూస తీసివేస్తే అది మళ్ళీ మామూలు ఫోనే. 2011లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు చేసినదీ ఇటువంటిదే: సుమారు 1 మిల్లీమీటరు గాజుగోళాన్ని ఫోను కెమెరా ముందు నిలబెట్టారు. నడుమ కొద్దిమేర మాత్రమే స్పష్టంగా కనబడి అంచులు మసకబారుతాయి గనుక, అనేక చిత్రాలను కలిపి ఒక్కటిగా చేసే పని కంప్యూటరుకు అప్పగించారు. ఎర్రకణం వెడల్పు 7 నుంచి 8 మైక్రాన్లు; మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. నూట ముప్పై కణాలను వరుసగా పేర్చితే గాని దాదాపు ఒక మిల్లీమీటరు కాదు. అంతటి సూక్ష్మాన్ని ఒక్క పూసతో చూడడం కొత్త వింత కాదు. 1674లో హాలండు బట్టల వర్తకుడు లీవెన్‌హోక్ అటువంటి చిన్న కటకంతోనే ఎర్రకణాలను చూసి వర్ణించాడు. కాబట్టి ‘ఫోనుకు కటకం అమర్చి’ అంటే జరిగిన పని ఉన్నదున్నట్లు చెప్పినట్లవుతుంది.

‘పరీక్ష’ మాటకు మన వాడుకలో ఫలితం అనే ఆశ అంటుకుని ఉంది. నెత్తురు పరీక్ష అంటే ఎవరికో జబ్బు ఉన్నదో లేదో తేల్చడం. దానికి రంగు వేసిన పూత కావాలి, లెక్క కావాలి, చూసి చెప్పగల చదువు కావాలి. 2009లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఫోనుకు జోడించిన సూక్ష్మదర్శినితో మలేరియా సోకిన కణాలనూ కొడవలి కణాలనూ చిత్రీకరించారు గాని, వారి అమరికలో మంచి కటకాల వరుస ఉంది, పూస ఒక్కటే కాదు. మీ పిల్లలు చేసింది పరిశీలన. ఆ మాటే రాయండి.

సెల్లు విషయంలో పిల్లల నవ్వు నాకు నచ్చింది. టార్చిలైటులో వేసేదీ సెల్లే. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో కనిపించిన చిన్న చిన్న అరలకు ఆ పేరు పెట్టాడు. ‘చిన్న గది’ అనే లాటిన్ మాట దానికి మూలం. టవర్ల సంకేతం అందే ప్రాంతాన్ని అరలు అరలుగా విభజిస్తారు గనుక ఫోనుకు కూడా అదే పేరు వచ్చింది. గదులకు పెట్టిన పేరు మన ఊళ్ళలో జేబులోకి చేరింది. తెలుగులో జీవకణానికి ‘కణం’ ఉండనే ఉంది గనుక, సెల్లును ఫోనుకే వదిలేయవచ్చు. లేదా అట్ట మీద ‘ఫోను’ అనే రాస్తే ఆ చిక్కే ఉండదు.